ఉండేవాళ్ళు అనే మాట

నేను కోర్టు దుబాసీని. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ఆ పని చేశాను. మా పడమటి తీరంలో ఎవరైనా కోర్టుకొచ్చి, నా గోడు ఐరిష్‌లోనే చెప్పుకుంటానంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళు మా భాషలో చెప్పింది జడ్జిగారికి ఇంగ్లీషులో అందించడం నా పని. అంతకుముందు ఐదేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను కనక ఊళ్ళో అందరికీ ఇప్పటికీ మాస్టారినే. టైగ్ అన్న నా అసలు పేరు మా ఆవిడ నెస్సా ఒక్కతే వాడుతుంది, అదీ కోపమొచ్చినప్పుడు.

ముందే చెప్పేస్తున్నాను, నాది తప్పులు పట్టే బుద్ధి. కౌన్సిలు వాళ్ళు రోడ్డు బోర్డు మీద ఒక అక్షరం నెత్తిన దీర్ఘానికి గుర్తయిన గీత పెట్టడం మర్చిపోతే ఆ వారమే పేపరుకి ఉత్తరం రాసేవాణ్ణి. ఒకసారి రేవు దగ్గరి హోటల్లో ఆ రోజు వంటకాల పలక మీద రెండు మాటలు తప్పుంటే, సుద్దముక్క అడిగి తీసుకుని మరీ దిద్దాను. ఆ హోటలాయన అప్పట్నించీ నన్ను చూస్తే లోపలికి వెళ్ళిపోతాడు. పదమూడేళ్ళు బడిలో ఐరిష్ నేర్చుకుని, బయటికొచ్చాక నాలుగు ముక్కలు తిన్నగా అనలేని జనాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో తప్పు చేసింది నేను.

రోస్‌నాగ్ రేవులో పాత పడవల రోడ్డు చివర, గట్టు పక్కన, బార్బ్ర పంతొమ్మిదేళ్ళుగా ఒక కారవాన్‌లో, కారు వెనక తగిలించి లాగే బండిలో, ఉంటోంది. ఆమెకి అరవయ్యెనిమిదేళ్ళు. మొగుడు పోయి, అద్దె ఇల్లు చెయ్యి జారాక ఆ బండి కొనుక్కుని అక్కడ పెట్టుకుంది. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి తీస్తే రాళ్ళ మీద నత్తగుల్లలు ఏరి, బస్తాలకెత్తి అమ్ముతుంది. టైర్లు ఎప్పుడో నేలలో దిగబడిపోయాయి. ఇరుసు దాకా గడ్డి మొలిచింది. కిటికీకి పూల తెర, లోపల చిన్న ఇనప పొయ్యి, మెట్టు పక్కన రంగు డబ్బాలో ఒక ఎర్ర పూల మొక్క. బార్బ్ర దాన్ని ఇల్లు అనేది. కౌన్సిలు కాగితాల్లో అది బండి.

ఆ నేల కౌన్సిలుది. అందులో అనుమానం లేదు. వేసవిలో వచ్చే పర్యాటకుల కార్లకి చోటు కావాలని కౌన్సిలు అనుకుంది. ఏడాదిలో మూడు నోటీసులొచ్చాయి, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క ఐరిష్. మూడింటితోనూ బార్బ్ర పొయ్యి అంటించుకుంది. అందులో ఐరిష్ అంత ఎండిపోయి ఉంది, మంట బాగా పట్టి ఉంటుందని నేనే హోటలు బయట నిలబడి జోకు వేశాను. నలుగురూ నవ్వారు.

మార్చిలో ఒక శుక్రవారం, పున్నమి దాటిన పెద్ద ఆటు రోజున, కౌన్సిలు నుంచి కోనల్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. ఇరవయ్యారేళ్ళు ఉంటాయేమో. నడి దేశం మనిషి, సముద్రం చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యపోయే రకం. వెంట ఇద్దరు పనివాళ్ళు, బండ్లు లాగే ఒక ట్రక్కు. బార్బ్ర మెట్టు మీద కూచుని రబ్బరు బూట్లు తొడుక్కుంటోంది. కోనల్ కాగితం ఇంగ్లీషులో చదివాడు. చదివి, మర్యాద కోసం బళ్ళో నేర్చుకున్న ఐరిష్‌లో మళ్ళీ చెప్పాడు. బార్బ్ర అంతా విని లేచింది. తలుపు దగ్గరికి లాగింది. గడియ పడిందో లేదో చూసుకుంది. రెండు బకెట్లు చేతిలోకి తీసుకుని అతని మొహంలోకి చూసి రెండే మాటలంది. స్లాన్ ల్యత్. ఆటు ఎవరి కోసమూ ఆగదు కనక గట్టు దిగి రాళ్ళ వైపు నడిచింది.

కోనల్ ఆమె దూరమయ్యేదాకా చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆపైన పనివాళ్ళు గునపంతో తలుపు ఊడబెరికి, గ్యాసు సిలిండరు తీసేసి, బండిని నేలలోంచి పెళ్ళగించి ట్రక్కుకి కట్టి లాక్కుపోయారు. మూడు గంటల తరవాత బార్బ్ర నిండు బకెట్లతో తిరిగొచ్చేసరికి ఇల్లున్న చోట పాలిపోయిన గడ్డి మిగిలింది. రంగు డబ్బాలోని మొక్కని మాత్రం ఎవరో జాగ్రత్తగా గోడ వారన పెట్టి వెళ్ళారు. అది కోనలేనని తరవాత తెలిసింది.

తీసుకెళ్ళిన బండిని కౌన్సిలు వాళ్ళు ఇరవయ్యొక్క రోజులు తమ యార్డులో ఉంచుతారు. ఆ తరవాత మిషనులో వేసి నలిపేస్తారు. బార్బ్రకి టౌన్లోని వృద్ధాశ్రమంలో ఒక మంచం ఇస్తామన్నారు. టౌను నలభై మైళ్ళు. అక్కడ సముద్రం లేదు, ఐరిష్‌లో పలకరించే మనిషి లేడు. ఆమె వెళ్ళనంది. చర్చి హాలు వెనక గదిలో, కుర్చీలు పేర్చే చోట, పరుపు వేసుకుని పడుకుంది. ఆ వయసులో కొత్త బండి కొనుక్కునే స్తోమత ఆమెకి లేదు. ఈ బండి మిషనులోకి పోతే ఆ మంచం తప్ప ఇంకో దారి లేదు.

పేదలకి ప్రభుత్వం తరఫున వాదించే ప్లీడరు సైవ్ ఆమె కేసు పట్టింది. సైవ్ నా దగ్గర రెండో క్లాసు చదువుకున్న పిల్లే. కౌన్సిలు నిబంధనల జోలికే పోకుండా అది తిన్నగా రాజ్యాంగం తెరిచింది. పంతొమ్మిది వందల ముప్ఫయ్యేడులో రాసుకున్న పుస్తకం మాది. రెండు భాషల్లోనూ ఉంది. ముందు ఇంగ్లీషులో ఆలోచించి ఆ తరవాతే ఐరిష్‌లోకి దింపారని మా వైపు అందరూ అంటారు. కానీ రెండింటికీ తేడా వస్తే ఐరిష్ మాటే చెల్లుతుందని అందులోనే రాసుంది. కోడలిగా వచ్చిన అనువాదం అత్తగారై కూచుంది.

పౌరుడి నివాసం అతిక్రమించరానిదనీ, చట్టప్రకారం తప్ప బలవంతంగా అందులో అడుగు పెట్టకూడదనీ ఇంగ్లీషులో ఉంది. నివాసమంటే కట్టడం, చక్రాలున్నది కట్టడం ఎలా అవుతుందని కౌన్సిలు ప్లీడరు వాదన. ఐరిష్‌లో కట్టడం ఊసే లేదు. ప్రతి పౌరుడికీ తానుండే చోటు స్లాన్, అని ఉంది. ఉండే చోటు, అంతే. చక్రాలుంటే ఏం, లేకపోతే ఏం. స్లాన్ అంటే క్షేమం, దెబ్బ తగలనిది, చెక్కుచెదరనిది. మేము గుమ్మాల దగ్గర రోజూ అనుకునే మాటే.

మా ప్రాంతపు జడ్జిగారికి ఐరిష్ బాగా వచ్చు. ఆయనకి అప్పుడే మోకాలి ఆపరేషనైంది. ఆయన బదులు డబ్లిన్ నుంచి హెఫర్నన్ అనే జడ్జమ్మగారు వచ్చారు. నిదానస్తురాలు, ఎవరి మాటా మధ్యలో తుంచదు. నాకు ఐరిష్ బడిలో నేర్చుకున్నంతే వచ్చు, దుబాసీగారి మీదే ఆధారపడతానని మొదటే ఒప్పుకుంది. ఆ మాటకి నేను లోలోపల పొంగిపోయాను.

ఆ రోజు అడిగింది చిన్నదే. అసలు కేసు తేలేదాకా బండిని నలపకుండా ఆపమని సైవ్ అడిగింది. ఉండే చోటు సంగతి గంటలో తేలిపోయింది. చక్రాలున్నా సరే, పంతొమ్మిదేళ్ళు ఉన్న చోటు ఉండే చోటే, ఐరిష్ పాఠం అదే చెబుతోంది అని జడ్జమ్మగారు ఒప్పుకుంది. కౌన్సిలు ప్లీడరు అప్పుడు అసలు సంగతి బయటికి తీశాడు. బలవంతం ఎక్కడ జరిగిందండీ అన్నాడు. ఆఫీసరు ఫలానా పనికొచ్చానని చెప్పాడు, ఆమె వీడ్కోలు చెప్పి బకెట్లు పట్టుకుని తనంతట తనే వెళ్ళిపోయింది, వదిలేసిపోయిన చోటులోకి వెళ్ళడం బలవంతం కాదు అన్నాడు. అంటే మొత్తం కేసు బార్బ్ర ఆ గుమ్మంలో ఏమందన్న దాని మీద నిలబడింది.

జడ్జమ్మగారు ఆమెనే అడిగింది. బార్బ్ర బోనులో చేతులు ముందుకు కట్టుకుని నిలబడి ఐరిష్‌లో చెప్పింది. అతనితో స్లాన్ ల్యత్ అన్నాను, రాళ్ళ దగ్గరికి పోయాను. నేను అరక్షణం కూడా ఆలోచించలేదు. ముప్ఫయ్యొక్క సంవత్సరాలుగా స్లాన్ అన్న మాట చెవిన పడగానే నోటికి వచ్చేదే వచ్చింది.

"నేనతనికి గుడ్‌బై చెప్పి సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయాను అంటోందండీ," అన్నాను.

జడ్జమ్మగారి పెన్ను కాగితం మీద కదిలింది. బార్బ్ర నా వైపు ఒకసారి చూసింది. ఇంకేమైనా చెబుతావా అని నేను కళ్ళతో అడిగాను. ఆమె తల దించుకుంది. ఆపమన్న అర్జీ కొట్టేశారు. ఆమె తన నోటితోనే వీడ్కోలు చెప్పానని ఒప్పుకుంది కనక, ఇప్పటికి కౌన్సిలు వాదనలో బలముందని జడ్జమ్మగారు రాసింది. అది శుక్రవారం. ఇరవయ్యొక్క రోజుల గడువు ఆ పై శుక్రవారంతో తీరుతుంది. నేను ఇంటికొచ్చి బంగాళాదుంపలూ చేపా తిని, పేపరులో వంతెన బోర్డు మీద ఒక తప్పు పట్టుకుని, ఉత్తరం మొదలుపెట్టాను.

బుధవారం పొద్దున నెస్సా పాటల బృందానికని బస్సు అందుకోవడానికి బయల్దేరింది. కోటు వేసుకుని, గుమ్మంలో నిలబడి, స్లాన్ అగత్ అంది. నేను కుర్చీలోంచి, పేపరు దించకుండానే, స్లాన్ ల్యత్ అన్నాను. తలుపు పడింది. నలభయ్యేళ్ళుగా మా ఇంట్లో రోజూ జరిగేదే. పేపరులో ఇంకో రెండు లైన్లు చదివాను. మూడో లైను దగ్గర పేపరు దించి తలుపు వైపు చూశాను.

వెళ్ళేవాళ్ళు అనేది స్లాన్ అగత్. నువ్వుంటావు కదా, నేను వెళ్ళొస్తా అని. ఉండేవాళ్ళు అనేది స్లాన్ ల్యత్. నేనిక్కడే ఉంటా, నువ్వు వెళ్ళి రా అని. ఐదేళ్ళ పిల్ల కూడా ఈ రెండూ తారుమారు చెయ్యదు. గుమ్మం దగ్గర ఎవరు లోపలున్నారో ఎవరు బయటికి పోతున్నారో ఇంగ్లీషుకి పట్టదు, ఇద్దరికీ ఒకే గుడ్‌బై. బార్బ్ర తన మెట్టు మీద నిలబడి, తలుపు వేసుకుని, ఆ కుర్రాడితో అన్నది వెళ్ళి రా అని. పొమ్మని మర్యాదగా చెప్పి తన పనికి తను పోయింది. పనికెళ్ళిన మనిషి ఇల్లు వదిలేసినట్టని నేను కోర్టుకి చెప్పాను.

నాకు చాలా సిగ్గేసింది. ఆ తరవాత, ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, భయమేసింది. నాకింకో ఏడాది సర్వీసుంది. ఆ వంతెన ఉత్తరం టేబుల్ మీదే సగం రాసి ఉంది. నేను లేచి చెబితే హోటలాయన దగ్గర్నించి కౌన్సిలు గుమాస్తాదాకా అందరికీ పండగే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. జడ్జమ్మగారికి తేడా తెలియదు, సైవ్ ఆ రోజు కాగితాలు వెతుక్కుంటూ వినిపించుకోలేదు. పదకొండు దాకా అలాగే కూచున్నాను. నెస్సా తిరిగొచ్చి, కోటు విప్పకుండా, ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ నన్నేమీ తిట్టలేదు. సైవ్ ఆఫీసు ఫోన్ నంబరు వెతికి నా ముందు పెట్టింది.

"టైగ్, ఇప్పుడే చెయ్యి," అంది. కోపంలో వాడే గొంతు మాత్రం కాదది.

సైవ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ తరవాత అది పిచ్చిపట్టినట్టు పని చేసింది. గురువారం మధ్యాహ్నానికి కేసు మళ్ళీ పిలిపించింది. నా అఫిడవిట్ నేనే రాసిచ్చాను, అందులో ఒక్క తప్పు లేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ముప్ఫయ్యొక్క సంవత్సరాలు బోను పక్కన నిలబడ్డవాణ్ణి, మొదటిసారి బోనులో నిలబడ్డాను. నేను ఇంగ్లీషులోనే చెప్పాను. మొన్న ఈ కోర్టుకి నేను చెప్పిన తర్జుమా తప్పు, ఆమె అన్న మాటకి గుడ్‌బై అన్నది సరిపోదు, అది వెళ్ళేవాళ్ళు అనే మాట కాదు, ఉండేవాళ్ళు అనే మాట, అన్నాను. జడ్జమ్మగారు కళ్ళజోడు తీసి పెట్టింది.

కౌన్సిలు ప్లీడరు లేచాడు. పెద్దగా అరవలేదు, అరిస్తే బాగుండేది. పేపర్లో మీ ఉత్తరాలన్నీ చదువుతానండీ, నాకు చాలా ఇష్టం, అని మొదలుపెట్టాడు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

"ముప్ఫయ్యొక్క సంవత్సరాల్లో ఈ కోర్టుకి మీరిలాంటి గుడ్‌బైలు ఎన్ని చెప్పారు?" అని అడిగాడు.

"తెలీదు," అన్నాను.

"వాటిల్లో ఎన్ని తప్పులో?"

"అదీ తెలీదు."

ఇంక నాకు ప్రశ్నలేం లేవండీ అని కూచున్నాడు. అతని ఉద్దేశం నా మాటకి విలువ లేదని చూపించడం. చూపించాడు. ఇవాళ్టి మాట మాత్రం ఎలా నమ్మడం అన్నట్టు జడ్జమ్మగారు నా వైపూ అతని వైపూ చూసింది. సైవ్ అప్పుడు కోనల్‌ని బోనులోకి పిలవమంది.

కోనల్ నోటుపుస్తకం తెచ్చుకున్నాడు. ఆ రోజు రాసింది చదవమంటే, చెవులు ఎర్రబడ్డా, ఉన్నదున్నట్టు చదివాడు. తొమ్మిదీ నలభై, నివాసి తలుపు వేసింది, గడియ చూసుకుంది, స్లాన్ ల్యత్ అంది, ఒడ్డుకి వెళ్ళింది. రెండు మాటలూ విడివిడిగా, అక్షరం నెత్తిన గీతతో సహా సరిగ్గా రాసుకున్నాడు. ఆ గీత గురించి నేను ఎన్ని ఉత్తరాలు రాశానో దేవుడికెరుక. వెళ్ళిపోయేవాళ్ళు ఆ మాట అనరని మీకు తెలియదా అని సైవ్ అడిగింది.

"మా బళ్ళో స్లాన్ అంటే గుడ్‌బై అని చెప్పారండి," అన్నాడు. "ఎవరు వెళ్తుంటే ఎవరనాలో చెప్పలేదు." కాస్త ఆగి, తన ప్లీడరు వైపు చూడకుండా, ఇంకో ముక్క కలిపాడు. "గడియ చూసుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. తిరిగి రానివాళ్ళు గడియ చూసుకోరు కదండీ."

జడ్జమ్మగారు రాజ్యాంగం తెప్పించుకుంది. ఐరిష్ పేజీ వేలితో పట్టుకుని, డబ్లిన్ యాసలో, తడుముకుంటూ, ఆ అధికరణం తనే పైకి చదివింది. మొదటి మాటల్లోనే ఉంది స్లాన్. అక్కడ ఒకసారి ఆగి మళ్ళీ చదివింది. ఇది ఆ మాటేనా అని నన్నడిగింది. ఆ మాటేనండీ అన్నాను. తనుండే చోటు క్షేమంగా ఉంటుందని ఈ పుస్తకం పౌరుడికి చెప్పింది, ఈమె ఆ మాటనే పట్టుకుని ఆఫీసరుని సాగనంపింది, ఇందులో వీడ్కోలు తీసుకున్నది ఎక్కడా కనపడదు అని తీర్పు చెప్పింది. తలుపు గునపంతో తీయడం బలవంతమే. బండిని ఎక్కణ్ణించి తీశారో అక్కడే, తలుపు బాగుచేసి, సోమవారంలోగా పెట్టాలి. ఆమెని కదపాలనుంటే ముందు కోర్టుకి రావాలి, ఆమె చెప్పేది వినిపించాలి, ఆర్డరు తెచ్చుకోవాలి. దుబాసీ గురించి ఒక్క ముక్క రాసింది, ఆలస్యంగానైనా దిద్దుకున్నాడని. ఆ వాక్యం నేను పేపరుకి రాసే ఉత్తరాల్లో వాక్యంలా ఉంది.

బార్బ్ర అంతా విని, సైవ్ చెయ్యి పట్టుకుని ఊపి, ఆటు వేళైందని బస్సెక్కింది. నేను ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను. ఎవరూ వద్దనలేదు. వంతెన ఉత్తరం చింపేశాను.

ఆ పై ఆదివారం నెస్సా చేసిన గోధుమ రొట్టె పట్టుకుని రేవుకి వెళ్ళాను. బండి పాత గుంటల్లోనే ఉంది, కొంచెం ఒక పక్కకి ఒరిగి. తలుపుకి కొత్త గడియ, దాని చుట్టూ ఇంకా రంగు వెయ్యని చెక్క. కోనల్ శనివారం సెలవు రోజున సొంతంగా వచ్చి బిగించి వెళ్ళాడట. కుర్రాడికి పనిముట్లు పట్టుకోవడం రాదు, ఒక మేకు నేనే కొట్టాను అంది బార్బ్ర. లోపల కూచోబెట్టి టీ పోసింది. రొట్టె కోసింది. బయట ఎర్ర పూల మొక్క మళ్ళీ మెట్టు పక్కకి చేరింది.

క్షమించమని ఎలా అడగాలో దారంతా అనుకుంటూ వచ్చాను. తీరా కూచున్నాక ఇంకోటి అడిగాను. బార్బ్రకి ఇంగ్లీషు శుభ్రంగా వచ్చు. గుల్లలు కొనేవాళ్ళతో ఇంగ్లీషులోనే బేరమాడుతుంది. ఐరిష్‌లో చెబుతాననడం ఆమె హక్కు కనక అలా చెప్పింది, అంతే.

"ఆ రోజు నేను తప్పు చెప్పానని నీకు తెలిసింది కదా?" అన్నాను.

"ఎందుకు తెలీదు. చెవులున్నాయిగా."

"మరి అక్కడే అనొచ్చు కదా బార్బ్రా. నా మొహం చూశావు కూడా."

ఆమె కప్పు కింద పెట్టింది. కోపంగా లేదు, నన్ను నొప్పించాలనీ లేదు. మామూలుగా చెప్పింది.

"నువ్వు మాస్టారివి. జడ్జమ్మ పక్కన నిలబడేవాడివి. నాదేమో అమ్మ దగ్గర విన్న మాట. కోర్టులో దానికి అర్థం వేరేమో అనుకున్నాను. మా అమ్మే తప్పు నేర్పిందేమో అని ఆ గదిలో పడుకుని ఐదు రోజులు అనుకున్నానయ్యా."

చేతిలోని రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాను. ఇంత లావు పుస్తకం ఆ మాటే అధికరణం మొదట పెట్టుకుంది, దాన్ని నోట్లో పెట్టుకు పుట్టిన మనిషి అది నాది కాదేమో అనుకుంది. అలా అనుకునేలా చేసింది కౌన్సిలు కాదు, జడ్జమ్మగారు కాదు. ఆ తరవాత ఆమె వాతావరణం గురించీ, ఈ ఏడు గుల్లలు చిన్నవిగా ఉండటం గురించీ మాట్లాడింది. నేను ఊ కొట్టాను.

లేచి మెట్టు దిగాక వెనక్కి తిరిగి స్లాన్ అగత్ అన్నాను. జీవితంలో మొదటిసారి ఆలోచించి అన్నాను. స్లాన్ ల్యత్ అంది ఆమె, తలుపు దగ్గరికి లాగి, గడియ పడిందో లేదో చూసుకుంది.

మా ఇంటి అటక మీద నా ఎర్ర అట్టల నోటుపుస్తకాలున్నాయి. ముప్ఫయ్యొక్క సంవత్సరాలవీ ఉన్నాయి. ప్రతి సాక్షీ అన్న మాట ఎడమ పక్క, నేను చెప్పిన ఇంగ్లీషు కుడి పక్క రాసేవాణ్ణి. ఎందుకు దాచుకున్నానంటే, గొప్ప కోసమే. రోజూ పొద్దున నెస్సా బస్సెక్కాక నిచ్చెనేసుకుని ఒక పుస్తకం దింపుతాను. ఇప్పటికి పదకొండేళ్ళవి చదివాను. రెండు చోట్ల తప్పు దొరికింది. రెండూ గుమ్మం దగ్గర అన్న మాటలే. ఆ మాటలన్న ఇద్దరిలో ఒకాయన చనిపోయాడు. రెండో ఆమె టౌన్లో, ఆ వృద్ధాశ్రమంలోనే ఉందని సైవ్ కనుక్కుని చెప్పింది. ఆమె గదిలో ఐరిష్‌లో పలకరించేవాళ్ళు లేరట. రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నాను.